సీసా బాబాయి

ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఒక ఆసుపత్రి ల్యాబులో గాజు సామాను కడుగుతోంది. కడిగే గది చిన్నది. రెండు తొట్లు, గోడకి మేకుల చట్రం, పైన ఒక కిటికీ. టెస్ట్ ట్యూబులూ బీకర్లూ పొడుగు మెడ ఫ్లాస్కులూ ఒక తొట్టిలో చాకలి సోడా కలిపిన నీళ్ళలో నానుతుండేవి. పొద్దున్నే వచ్చి ఒక్కొక్కటీ తీసి, బ్రష్షు పెట్టి తోమి, రెండో తొట్టిలో కడిగి, మేకులకి బోర్లించేది.

గాజు శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఆవిడకి చూపు చాలదు. నీళ్ళు పోసి వంచేది. నీరు చుక్కలు చుక్కలుగా నిలిచిందంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు. తెరలా ఒక్కటిగా జారిందంటే పోయినట్టు. ఈ ముప్పై ఏళ్ళలో ఆవిడ కడిగిన సామాను ఒక్కటీ వెనక్కి రాలేదు. "నీ చేతిలో పడితే గాజు కూడా సిగ్గుపడుతుందమ్మా" అనేవాడు అప్పటి పెద్ద డాక్టరు. అది పొగడ్తో కాదో తెలియక, పొగడ్తే అనుకుని ఊరుకుంది.

ఆ డాక్టరు రిటైరై బీరువా ఖాళీ చేస్తుంటే, అడుగున చేప ఆకారంలో ఒక ఆకుపచ్చ సీసా బయటపడింది. తోక మీద నిలబడి నోరు పైకి తెరిచిన చేప. ఎప్పుడో ఎవరో కానుకగా ఇచ్చిన మద్యం అందులో ఉండేదట. "పారెయ్యి" అన్నాడాయన. ఆవిడ పారెయ్యలేదు. మిగతా సామానుతో పాటు దాన్నీ తొట్టిలో వేసింది. మర్నాడు తీసి కిటికీ కేసి ఎత్తితే, పొలుసు పొలుసుకీ వెలుతురు వేరేగా విరిగింది. అక్కడ పట్టుకుంది పిచ్చి.

తర్వాత పాత సామాన్ల కొట్లన్నీ ఆవిడకి పుట్టిళ్ళయ్యాయి. గుడ్లగూబ. ఎలుగుబంటి. ఫిడేలు. గొడుగు పట్టుకున్న దొరసాని. పీపా మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న లావాటి మనిషి. అన్నీ మద్యం సీసాలే, అన్నీ గాజువే, కొన్నిటికి వందేళ్ళు. ఇంట్లో చుక్క ముట్టేవాళ్ళు లేరు.

భర్త దర్జీ. ముందు గదే ఆయన కొట్టు. సీసాల అరలు కుట్టు మిషనుకి ఎదురు గోడకి ఉండేవి, ఇంట్లో మరో గోడ ఖాళీ లేక. ఆయన మిషను తొక్కితే సీసాలన్నీ ఒకదానితో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టు సన్నగా మోగేవి. మొదట్లో విసుక్కున్నాడు. ఒకసారి ఆవిడ తుడవడానికని వాటిని దించితే, ఆ పూటంతా ఆయనకి కుట్టు కుదరలేదు.

కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు అరల కేసి ఒకసారి, ఆయన కేసి ఒకసారి చూసేవాళ్ళు.

"ఏం మాస్టారూ, ఇవన్నీ మీరే ఖాళీ చేశారా?"

"నాకంత ఓపికెక్కడిదండీ. మా ఆవిడ."

"ఖాళీగా వచ్చినవేనని చెప్పండి" అనేది ఆవిడ లోపల్నుంచి.

"చెబుతూనే ఉన్నానే. నిన్ను చూస్తే నమ్ముతారు, వీటిని చూస్తే నమ్మరు."

వీధిలో ఆవిడ అసలు పేరు ఎప్పుడో అరిగిపోయింది. సీసాలమ్మ మిగిలింది.

వీధి చివర కళ్ళద్దాల కొట్టుంది. దాని యజమాని అరవై దాటినవాడు, ఒంటరివాడు. కొట్టు పైనే ఆయన కాపురం. నాలుగేళ్ళ కిందట పంట్లాం కురచ చేయించుకుందామని దర్జీ దగ్గరికి వచ్చి, తలెత్తి అరలు చూసి, పంట్లాం సంగతి మర్చిపోయాడు. ఆ రోజు నుంచి ఆవిడ చెల్లెమ్మ, దర్జీ బావగారు. వారానికి రెండు సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఒక్కో సీసా దించి, భూతద్దం పెట్టి గాజులో బుడగలు చూపించేవాడు.

"బుడగ సాగినట్టుందా, అయితే నోటితో ఊదిందే చెల్లెమ్మా. ఎవరి ఊపిరో ఇది."

ఆవిడకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఆ రెండు సాయంత్రాలూ ల్యాబు నుంచి ఇంటికి ఎదురుగాలిలో కూడా తొందరగా నడిచేది.

ఒక గురువారం ఆయన తువ్వాలులో ఏదో చుట్టి పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చాడు. విప్పితే సీసా. ఒళ్ళో డోలు పెట్టుకుని కూర్చున్న మనిషి. టోపీయే బిరడా. ముఖానికి రంగులు వేసి ఉన్నాయి.

"ఈయన మా బాబాయి" అన్నాడు.

దర్జీ మిషను ఆపాడు. "మీ బాబాయిని సీసాలో పెట్టారా బావగారూ?"

"సీసానే బాబాయి." స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "మా నాన్న ఎక్కడో అంగట్లో దీన్ని చూసి అక్కడే నిలబడిపోయాడట. ఆ మీసం, ఆ ఎత్తిన కనుబొమ్మ, అచ్చం మా బాబాయే. బాబాయి ముప్పై నిండకుండానే పోయాడు. తర్వాత ఇల్లు కారి ఫొటోల పెట్టె తడిసి ముద్దయిపోయింది. ఇంక ఇదే. అల్లరి చేస్తే బాబాయి చూస్తున్నాడని మా అమ్మ దీన్నే చూపించేది."

సీసా లోపల అడుగంతా గోధుమరంగు మడ్డి గట్టిపడి ఉంది.

"ఆదివారం మా చెల్లి వస్తోంది. దానికి బాబాయంటే ప్రాణం. పన్నెండేళ్ళయింది చూసి. కాస్త శుభ్రం చేసి పెట్టు. ఇంకెవరి చేతికీ ఇవ్వను."

ఇంకెవరి చేతికీ ఇవ్వను. ఆ మాట ఆవిడకి తీపిగా దిగింది. ఆయన అటు వెళ్ళగానే పెరట్లో రేకు తొట్టి కడిగి, నీళ్ళు కాచి, సోడా వేసి, బాబాయిని అందులో పడుకోబెట్టింది. తను గాజుకి ఎప్పుడూ చేసేది అదే.

పొద్దున చూస్తే నీళ్ళు నల్లగా ఉన్నాయి. బాగా దిగిందని సంతోషించింది. చెయ్యి పెట్టి పైకి తీసింది. లోపల మడ్డి లేదు. మంచినీళ్ళు పోసి వంచింది. నీరు తెరలా జారింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

ముక్కుంది. పెదవుల గీత ఉంది. మీసం లేదు. కనుబొమ్మ లేదు. కళ్ళున్న చోట రెండు నున్నటి గుంటలు, వాటిలోంచి పెరటి గోడ కనిపిస్తోంది.

కొన్ని సీసాలకి రంగు వేశాక మళ్ళీ కొలిమిలో కాలుస్తారు. ఆ రంగు గాజుతో పాటే ఉంటుంది. చౌకరకం వాటికి, చల్లారిన గాజు మీద బ్రష్షుతో పూసి వదిలేస్తారు. అది చూడ్డానికి అలాగే ఉంటుంది. వేడి సోడా నీళ్ళకి మాత్రం ఆగదు. ఈ సంగతి ఆవిడకి ఆ క్షణం దాకా ఎవరూ చెప్పలేదు. ల్యాబులో ట్యూబులకి ముఖాలుండవు.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి."

దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. సీసాని చాలాసేపు చూశాడు.

"మీసం తీయించుకున్నాడేం?" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. ఆయన తొట్టి నీళ్ళు మొక్కలకి పోయబోయి, ఏం తోచిందో, పక్కన పెట్టేశాడు.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనండీ ఆయన దగ్గరికి?"

"ముందు ఈయనకో ముఖం చూద్దాం. తర్వాత నీ సంగతి."

శనివారం దర్జీయే వెళ్ళి బోర్డులు రాసే పెయింటరుని తీసుకొచ్చాడు. సన్నటి బ్రష్షులు, చిన్న చిన్న డబ్బాలు. కూర్చుని సీసాని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"మీసం ఎలా ఉండేది?"

"మీసంలాగే" అన్నాడు దర్జీ.

"కొనలు పైకా కిందికా?"

"పైకి" అంది ఆవిడ.

"కిందికి" అన్నాడు ఆయన.

"పోనీ, ఏ కనుబొమ్మ ఎత్తి ఉండేది?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎడమ మోచెయ్యి కింద సాగిన బుడగ ఉందని ఆవిడకి తెలుసు. వీపు మీద అచ్చు అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుసు. డోలు అంచున గోరంత పెచ్చు ఊడిన చోటు కళ్ళు మూసుకుని చూపించగలదు. ముఖం గుర్తు లేదు. కళ్ళద్దాలాయన ఆ ముఖం గురించి చెబుతున్నంతసేపూ తను మడ్డినే చూసింది.

"ఎడమ భుజం కుడి కంటే కిందికి ఉంటుంది" అన్నాడు దర్జీ. "అది మాత్రం గట్టిగా చెప్పగలను."

"భుజం ఎక్కడికీ పోలేదు కదండీ" అన్నాడు పెయింటరు.

మధ్యాహ్నానికి ముఖం తయారైంది. కొనలు పైకి తిరిగిన మీసం, ఎర్రటి బుగ్గలు, కుడి కనుబొమ్మ ఎత్తి. చెయ్యి తిరిగినవాడు, వంక పెట్టడానికి లేదు. "ఎవరూ కనిపెట్టలేరు" అని డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

దర్జీ సీసా చుట్టూ ఒకసారి తిరిగాడు. "బాగానే ఉన్నాడే. పిల్లనివ్వచ్చు."

"అన్నయ్య కనిపెడతాడంటారా?"

"కనిపెట్టకపోవచ్చు. మనం చెప్పకపోతే."

"కనిపెట్టకపోతేనే నాకు భయంగా ఉంది."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడా విడమరిచి చెప్పలేకపోయింది. రేపు కళ్ళద్దాలాయన చెల్లెలు వస్తుంది. పన్నెండేళ్ళ తర్వాత దీన్ని చేతుల్లోకి తీసుకుంటుంది. పెయింటరు పెట్టిన మీసాన్ని చూసి కంటనీరు పెట్టుకుంటుంది. ఇక ఆ ఇంట్లో బాబాయంటే ఈ ముఖమే. వీధి మొదట్లో రంగుల కొట్టు బోర్డు మీద ఇదే పెయింటరు వేసిన, నవ్వే మనిషి ముఖం.

రంగు ఆరేలోగా చేతులు ఊరుకోక అరల దగ్గరికి వెళ్ళింది. దొరసానిని దించింది. ఇరవై ఏళ్ళుగా దించుతూ తుడుస్తూ ఉన్నదే. ఈసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గొడుగు మడతల్లోకి చూసింది. లోపలి మడతలో దారమంత ఎరుపు. ఎలుగుబంటి చెవి వెనక బంగారు రంగు నలుసు. పీపా మనిషి చొక్కా గుండీల చుట్టూ నీలం. ప్రతిసారీ తొట్టి నీళ్ళు రంగు తిరిగేవి. ప్రతిసారీ ఎంత మురికి దిగిందోనని మురిసిపోయింది.

"ఏమిటలా నిలబడిపోయావు?"

"వీళ్ళందరికీ ముఖాలుండేవండీ. నేనే కడిగేశాను."

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "పోనీలే. వాళ్ళెవరూ నీకు చుట్టాలు కాదు."

"నాకు కాకపోతే ఇంకెవరికో అయ్యుంటారు."

ఆదివారం పొద్దున టర్పెంటైన్ గుడ్డతో కొత్త ముఖాన్ని తుడిచేసింది. ముందు ఎర్ర బుగ్గలు పోయాయి, తర్వాత మీసం. మిగిలింది సోడా నీళ్ళతో కడిగింది. దర్జీ గుమ్మంలో నిలబడి చూస్తూ, "ఇంకొకరైతే పెట్టిన ముఖం ఉంచుకునేవాళ్ళు" అన్నాడు. ఆపలేదు. తువ్వాలు తనే మడిచి ఇచ్చాడు.

కళ్ళద్దాలాయన మేడ మెట్ల మీదే ఎదురొచ్చాడు. మంచి చొక్కా వేసుకుని ఉన్నాడు. బల్ల మీద రెండు కప్పులు, కొత్త గుడ్డ, మధ్యలో సీసా కోసం ఖాళీ.

"తెచ్చావా చెల్లెమ్మా? మా చెల్లి పదకొండింటికి వస్తుంది."

ఆవిడ కూర్చోలేదు. "ముందే చెప్పేస్తాను అన్నయ్యా. బాబాయి ముఖం పోయింది. నేనే పోగొట్టాను."

ఆయన తువ్వాలు విప్పాడు. పెట్టుకున్న కళ్ళద్దాలు తీసి వేరేవి పెట్టుకున్నాడు. అవీ తీసి భూతద్దం పట్టుకున్నాడు. భూతద్దం ముఖం మీదే చాలాసేపు తిరిగింది.

"కొత్తగా వేయించాను. బాగానే కుదిరింది. అదీ కడిగేశాను."

"అదెందుకు కడిగావు?"

"అది మీ బాబాయి కాదు."

"ఇదీ కాదు" అన్నాడు ఆయన.

కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తిన చప్పుడు.

"నేను లోపలి మడ్డి కోసం ఇచ్చాను."

"నేనన్నీ అలాగే కడుగుతాను అన్నయ్యా. లోపలా బయటా."

"తెలుసు. తెలిసే ఇచ్చాను." సీసాని బల్ల మీద ఖాళీలో పెట్టాడు. ముఖం గోడ వైపు తిప్పాడు. "సరే, వెళ్ళిరా."

ఫరవాలేదు అనలేదు. ఆవిడ అనిపించుకోవాలనీ చూడలేదు. మెట్లు దిగింది.

ఆ వారం ఆయన రాలేదు. పై వారమూ రాలేదు. స్టూలు మీద కుట్టాల్సిన బట్టలు పేరుకున్నాయి. ఆవిడ వాటిని తీసి పక్కన పెట్టేది. దర్జీ మళ్ళీ అక్కడే పెట్టేవాడు, మళ్ళీ తీసేది. వీధిలో ఒకసారి ఆయన ఎదురుపడి, అద్దాలు కొన్నవాళ్ళకి ఊపినట్టు తల ఊపాడు. ఆ రోజు ల్యాబులో ఆవిడ చేతిలోంచి ఫ్లాస్కు జారి పగిలింది. చాలా ఏళ్ళలో అదే మొదటిది. పక్క గది నుంచి ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు.

"నేను వెళ్ళి మాట్లాడనా?" అన్నాడు దర్జీ.

"వద్దండీ. ఆయన కోపం ఆయనది. దాన్నీ కడిగేస్తే ఎలా?"

ఐదు వారాలు అలా గడిచాయి. ఆరో వారం, మిషను నడుస్తుండగా, కళ్ళద్దాలాయన గుమ్మంలోకి వచ్చాడు. చంకలో పొట్లం. మిషను ఆగింది. స్టూలు ఖాళీగానే ఉంది. వచ్చి కూర్చున్నాడు. పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ రోజు మా చెల్లి చూసింది" అన్నాడు చివరికి, అరల కేసి చూస్తూ. "గోడ వైపు తిప్పిపెడితే తనే ఇటు తిప్పింది. చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. 'అన్నయ్యా, ఇది నానమ్మ కదా' అంది."

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకప్పటిదాకా తట్టలేదు. నానమ్మ కొడుకే కదా బాబాయి. మీసం తీసేస్తే ఆవిడే. ఆ ముక్కు, ఆ బిగించిన పెదవులు. నానమ్మ ఫొటో కూడా లేదు మాకు."

"అయితే ఆ సీసాలో ఇద్దరున్నారన్నమాట" అన్నాడు దర్జీ.

"బావగారూ, మీరు కాసేపు ఊరుకోండి." ఆవిడ వైపు తిరిగాడు. "అంతా బాగుపడిపోయిందనుకోకు. మా చెల్లికి నానమ్మంటే ఇష్టం. నాకు లేదు. నా చెవులు మెలేసేది. పొద్దున్నే లేచి బాబాయిని చూద్దామని తల తిప్పితే ఆవిడ కనిపిస్తోంది. నాకింకా కోపంగానే ఉంది."

"ఉంటుంది అన్నయ్యా."

"ఉంటుందంటే పోతుందా?"

"పోదు. మరేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యకు. చేసినందుకే కదా ఇదంతా."

దర్జీ దగ్గొచ్చినట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

కళ్ళద్దాలాయన పొట్లం విప్పాడు. ఓడ పనివాడి ఆకారంలో సీసా. నీలం కోటు, తెల్ల బొత్తాలు, ముఖం నిండా రంగు చెక్కు చెదరకుండా ఉంది. లోపల మాత్రం బూజూ దుమ్మూ.

"ఎక్కడిది?" అంది ఆవిడ. తెలియకుండానే రెండడుగులు ముందుకి వచ్చింది.

"కొన్నాను."

"మీరా? ఎవరి పోలికండీ?"

"ఎవరి పోలికా లేదు. అందుకే కొన్నాను." సీసాని మోకాలి మీద పెట్టుకున్నాడు. "లోపల చూడు ఎలా ఉందో."

"నేను ముట్టుకోను."

"ముట్టుకోమన్నానా? నేను పట్టుకుంటాను. నువ్వు లోపలికి నీళ్ళు పొయ్యి."

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. ఆయన సీసా మెడనీ అడుగునీ పొడిగుడ్డతో రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఆవిడ గరాటు పెట్టి గోరువెచ్చటి నీళ్ళు పోసింది, దోసెడు చిన్న గాజుపూసలు వేసింది. అవి లోపల తిరిగితే దుమ్ము ఊడుతుంది. ఆయన ఆడించడం మొదలుపెట్టాడు.

"అలా కాదు. పైకీ కిందికీ కాదు. గుండ్రంగా తిప్పండి."

"గుండ్రంగానే తిప్పుతున్నాను."

"దాన్ని గుండ్రం అనరు. అయ్యో, కోటు మీదికి ఒలుకుతోంది."

"చెయ్యి వెనక్కి తియ్యి. నోటితో చెప్పు చాలు."

ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. దర్జీ గుమ్మం మెట్టు మీద కూర్చుని, ఈ సంబరం ఇప్పట్లో తెమలదని తెలిసి, కుట్టాల్సిన చొక్కా కాలరు తెచ్చుకున్నాడు.

నీళ్ళు వంపితే బురదలా వచ్చాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి కొంచెం పలచన.

"చాలా?"

"చాలదు."

"ఇంకెన్నిసార్లు?"

"నీళ్ళు తేరేదాకా."

"చేతులు లాగుతున్నాయి."

"లాగుతాయి" అంది ఆవిడ, గరాటు సరిచేసి పెడుతూ. "వంచకండి, నిటారుగా పట్టుకోండి."